బొమ్మమీద బొమ్మ

అమలాపురం గడియార స్తంభం కూడలిలో సంవత్సరం పొడుగునా ఏదో ఒక ఫ్లెక్సీ వ్రేలాడుతూనే ఉంటుంది. ప్రభల తీర్థానికి స్వాగతం, నాయకుని జన్మదినం, కొత్త చిత్రం విడుదల, ఇంటిపెద్ద పెద్దకర్మ. సందర్భం మారుతుందిగాని పటం తీరు మారదు. నడుమ నిలువెత్తు నాయకుడో, కథానాయకుడో ఉంటాడు. ఆయన భుజం తాకుతూ పేటలోని యువకుడొకడు నవ్వుతూ ఉంటాడు. పైవరుసలో రూపాయి బిళ్ళలంత ముఖాలు డజను. వెనుక కొబ్బరితోట, దానిపైన ఆ ఊరి ఆకాశంలో ఎన్నడూ లేనంత నీలం. ఆ యువకుడు ఆ నాయకుని ప్రక్కన ఒక్కనాడూ నిలుచున్నవాడు కాడు. ఆ సంగతి యువకునికి తెలుసు, ఫ్లెక్సీ వేసినవానికి తెలుసు, క్రిందనుంచి చూచి సైకిలెక్కి పోయేవానికీ తెలుసు. అందుచేత అక్కడ అబద్ధం ఉన్నదేగాని మోసం లేదు.

ఈ రెండింటికీ మధ్యనున్న గీత ఇటీవలి సంవత్సరాలలో చెరిగిపోతూ వచ్చింది. ఆ గీత ఎక్కడ ఉన్నదో, ఎట్లా చెరుగుతున్నదో ఉపాధ్యాయులూ విద్యార్థులూ ముందుగా తెలుసుకోవలసిన అవసరం ఏర్పడింది. ఎందుకంటే ఒక బొమ్మమీద మరొక బొమ్మను పరచే విద్య ఈనాడు నిపుణుల సొత్తు కాదు. పదమూడేళ్ళ పిల్లవాని అరచేతిలో ఉన్నది.

పని చాలా చిన్నది. విండోస్‌తో నడిచే కంప్యూటరులో పెయింట్ అనే చిత్రలేఖన సాధనం 1985లో వచ్చిన తొలిరూపం నాటినుంచీ ఉన్నది. అందులో ఒక చిత్రాన్ని తెరచి, రెండవ చిత్రాన్ని తెచ్చి దానిమీద అతికించి, పారదర్శకంగా ఉంచుమని ఆజ్ఞాపిస్తే, పైచిత్రంలోని తెల్లని నేల మాయమై క్రింది చిత్రం కనిపిస్తుంది. కావలసినచోటికి జరిపి వేలు తీస్తే రెండూ ఒకటైపోతాయి. అమెరికాలో నోల్ సోదరులు రూపొందించిన ఫోటోషాప్ 1990లో వెలువడింది. బొమ్మలను విడివిడి పొరలుగా ఒకదానిపై ఒకటి నిలిపే సౌకర్యం దానికి 1994లో వచ్చింది. పేదవాని సాధనమైన పెయింట్‌కు ఆ పొరల భాగ్యం 2023లోగాని పట్టలేదు.

లోపల జరిగేది లెక్క. కంప్యూటరులోని బొమ్మ అంతా చుక్కల సముదాయం. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగుల పాళ్ళు 0 నుంచి 255 వరకు అంకెలలో ఉంటాయి. ఈ మూడింటికి తోడు నాలుగవ అంకె ఒకటి ఉన్నది. ఆ చుక్క ఎంతవరకు తనను తాను చూపించుకోవాలో, ఎంతవరకు వెనుకనున్నదానిని కనిపించనివ్వాలో అది చెబుతుంది. 1970వ దశకం చివర ఆల్వీ రే స్మిత్, ఎడ్ కాట్‌మల్ అనే ఇద్దరు ఆ నాలుగవ అంకెను కల్పించారు. 1984లో పోర్టర్, డఫ్ అనేవారు పొరలు కలిసే సూత్రాలను స్థిరపరచారు. పైచుక్క విలువ 200, క్రిందిచుక్క విలువ 100 అనుకొని, పైదానిని సగం పారదర్శకం చేస్తే వచ్చేది 150. పైదానికి పాతిక వంతు బలమే ఇస్తే 125. ఎనిమిదవ తరగతి విద్యార్థి నోటిలెక్కగా కట్టగలిగినదే.

అయితే ఈ లెక్కలో ఒక కిటుకు ఉన్నది. 200, 100 ఇచ్చి ఫలితం అడిగితే 150 అని చెప్పవచ్చును. 150 మాత్రమే ఇచ్చి ఏవి కలిసి అది అయిందో చెప్పమంటే ఎవరి తరమూ కాదు. 180, 120 కలిసినా 150 యే. పొరలుగా ఉన్నంతసేపు పైదీ క్రిందిదీ విడదీయవచ్చును. ఒక్క పొరగా నొక్కి భద్రపరచిన మరుక్షణం క్రిందిది పోతుంది. ఫోనునుంచి ఫోనుకు ప్రయాణం చేసే బొమ్మలన్నీ ఆ విధంగా నొక్కి పంపినవే. మిగిలేది ఫలితం, పోయేది చరిత్ర.

తెలుగువారికి ఈ విద్య కొత్తది కాదు. కంప్యూటరు పుట్టని కాలంలో వారు దీనిని వెండితెరమీద చూచి పరవశించారు. 1961లో ఎన్.టి. రామారావు దర్శకత్వంలో వచ్చిన సీతారామ కల్యాణంలో రావణుడు పది తలలతో కనిపిస్తాడు. ఆ తలలు మట్టివీ అట్టవీ కావు, పదీ ఆ నటుని ముఖాలే. ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్ కటకం ముందు నల్లని మాస్కు అడ్డుపెట్టి, ఫిల్ములో ఒక్కొక్క భాగానికే వెలుగు తగలనిచ్చి, మరల వెనుకకు త్రిప్పి, మిగిలిన భాగాలను అదే విధంగా పూరించుకుంటూ పోయాడు. నటుడు గంటల తరబడి కదలకుండా ఉండవలసి వచ్చింది. ఆయన మెడ వ్రేలెడు ప్రక్కకు వాలితే పడిన శ్రమ అంతా వ్యర్థం. ఒక పొరకు మరొక పొర సరిపోవడానికి ఆనాడు మనిషి స్థాణువు కావలసి ఉండెను. 1964లో రాముడు భీముడులో ఒక్క నటుడే ఇద్దరై ఒకే తెరమీద కనిపించినపుడు కూడా రహస్యం ఇదే జాతిది.

వీటికంటె లోతైన తమాషా 1957 నాటి మాయాబజార్‌లో ఉన్నది. కె.వి. రెడ్డి దర్శకుడు, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రాహకుడు. అందులో ప్రియదర్శిని అని ఒక పేటిక వస్తుంది. తెరచినవారికి తమకు మిక్కిలి ప్రియమైనదేదో అది చూపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. రేవతికి నగలు, బలరామునికి దుర్యోధనుడు కనిపిస్తారు. శ్రీకృష్ణుడు తెరిస్తే అందులో ఉన్నవాడు శకుని! సాంకేతికంగా అది ఒక దృశ్యంలో మరొక దృశ్యాన్ని పొదగడం. కథలో మాత్రం అది మనిషిని పట్టి ఇచ్చే యంత్రం. మూత తెరిస్తే వెలిగే ఆ పేటికను ఈనాటి పిల్లలు చూచి ల్యాప్‌టాప్ అని నవ్వుతారు. వారి నవ్వులో న్యాయం ఉన్నది. చూచేవాడు ఏది కోరుకుంటాడో దానినే చూపించే పెట్టె ఒకటి ప్రతి జేబులోకి వచ్చిన తరువాత ఆ సన్నివేశం హాస్యంగా మాత్రమే మిగలలేదు. మనిషి నమ్మదలచుకున్న బొమ్మను నమ్మించడం చాలా సులభం. పొర అతికేది సగం తెరమీద, సగం చూచేవాని మనస్సులో.

ఈ భేదాన్ని తెలుగు పాఠం చెప్పే ఉపాధ్యాయుడు కంప్యూటరు భాషలో కాక తన భాషలోనే వివరించవచ్చును. ముఖచంద్రుడు అన్నపుడు కవి ముఖంమీద చంద్రుణ్ణి పరచాడు. అది రూపకం. ముఖం ముఖమేననీ, చంద్రుడు చంద్రుడేననీ కవికీ తెలుసు, పాఠకునికీ తెలుసు. తెలిసి ఒప్పుకున్న అభేదం అది. భ్రాంతిమదలంకారంలో ఒక మెట్టు దాటి, ముఖాన్ని చూచి నిజంగా చంద్రుడే అనుకున్న చకోరం వస్తుంది. భ్రాంతి పడినది చకోరం. పాఠకుడు భ్రాంతి పడలేదు కనుకనే అక్కడ అందం ఉన్నది. గడియార స్తంభం దగ్గరి ఫ్లెక్సీ రూపకం. సీతారామ కల్యాణంలోని పది తలలూ, కొంత పట్టువిడుపుతో, రూపకమే. దొంగబొమ్మ దగ్గరకు వచ్చేసరికి చకోరం స్థానంలో పాఠకుణ్ణే నిలబెట్టి, కవి తెరవెనుకకు తప్పుకుంటాడు. దానికి అలంకారశాస్త్రంలో పేరు లేదు. న్యాయశాస్త్రంలో ఉన్నది, కూటసృష్టి అని.

రూపకానికీ కూటసృష్టికీ నడుమ ఒక మెత్తని ప్రదేశం లేకపోలేదు. కోనసీమ మండువా ఇళ్ళలో వసారా గోడకు ఎత్తుగా వ్రేలాడే పాత దంపతుల పటాలలో కొన్ని స్టూడియోలో కలిసినవే. భర్త పెళ్ళినాటి గుంపు ఫోటోలో ఉంటాడు. భార్య ముఖం ఏ తీర్థయాత్రలోనో తీయించుకున్న ఫోటోలో ఉంటుంది. స్టూడియోవాడు రెండింటినీ కత్తిరించి, ఒక అట్టమీద అతికి, అతుకుమీద సన్నని కుంచెతో టచింగ్ చేసి, మరల ఫోటో తీసి చట్రం కట్టి ఇస్తాడు. బ్రతికి ఉన్నపుడు ప్రక్కప్రక్కన కూర్చుని ఫోటో దిగని ఇద్దరు పోయిన తరువాత కూర్చుంటారు. ఆ పటానికి దండ వేసేవారిని ఎవరు తప్పుపట్టగలరు? అయినప్పటికీ మూడవ తరం మనుమడు దానిని నిజమైన ఫోటోగానే ఎంచుతాడు. అతుకు సంగతి తెలిసినవారు పోవడంతో, ఎవరూ అబద్ధమాడకుండానే ఆ బొమ్మ సాక్ష్యమైపోయింది.

పాశ్చాత్యదేశాలలోనూ ఇదే వరుస. అమెరికా అంతర్యుద్ధపు సేనాని గ్రాంట్ గుర్రమెక్కి శిబిరం ముందు నిలిచినట్లున్న ప్రసిద్ధచిత్రం 1902 ప్రాంతంలో మూడు వేర్వేరు ఫోటోల నుంచి కూర్చినది. తల ఆయనది, మొండెమూ గుర్రమూ మరొక సేనానివి, వెనుకనున్నవారు ఆయన సైనికులు కారు, ఎదుటి పక్షంనుంచి పట్టుబడిన యుద్ధఖైదీలు. అంతకు పూర్వమే మమ్లర్ అనే ఫోటోగ్రాఫరు కూర్చున్నవారి వెనుక చనిపోయినవారి ప్రేతాలు పడినట్లు చిత్రాలు తీసి డబ్బు చేసుకున్నాడు. 1869లో న్యూయార్కులో అతనిపై విచారణ జరిగినపుడు సర్కసు యజమాని బార్నమ్ సాక్షిగా వచ్చి, తన వెనుక అబ్రహాం లింకన్ ప్రేతం నిలిచిన ఫోటో ఒకటి చూపించాడు. ఎంత సులభంగా చేయవచ్చునో తెలియడానికే దానిని తీయించాడు. అయినా మమ్లర్‌ను విడిచిపెట్టారు. ఏ విధంగా చేశాడో రుజువు కాలేదు. అతని దగ్గరకు వెళ్ళినవారు బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు, భర్తలను పోగొట్టుకున్న స్త్రీలు. ప్రియదర్శిని మూత తెరచినవారే వారు కూడా.

2023 నవంబరులో ఈ కథ తెలుగుదేశపు ముంగిటికి వచ్చింది. తెలుగు చిత్రాలలో పేరుపొందిన నటి రష్మిక మందన్న లిఫ్టులోకి అడుగుపెడుతున్నట్లుగా ఒక కదిలే బొమ్మ లక్షలమంది ఫోనులలో తిరిగింది. శరీరం ఆమెది కాదు. బ్రిటన్‌లో ఉంటున్న భారత సంతతి యువతి ఒకరు అక్టోబరు 9న తన ఖాతాలో పెట్టుకున్న దృశ్యం అది. యంత్రసాయంతో ఆ శరీరంపై నటి ముఖాన్ని పరచారు. ఒక వార్తాపరిశీలకుడు అసలు దృశ్యాన్ని వెదకి తీసి, దొంగదానిలో మొదటి క్షణాన కనిపించిన ముఖం వేరనీ, ఆమె లోపలికి వస్తుండగా అది రష్మిక ముఖంగా మారిందనీ చూపించాడు. అతుకు అక్కడ ఉన్నది, ఒక్క రెప్పపాటు కాలం. ఢిల్లీ పోలీసులు కేసు నమోదు చేసి, 2024 జనవరి 20న గుంటూరు ప్రాంతానికి చెందిన, ఇంజనీరింగు చదివిన యువకుణ్ణి నిందితునిగా అరెస్టు చేశారు. పోలీసులు చెప్పిన కారణం వినదగినది. శత్రుత్వం కాదు, ధనాశ కాదు. అతడు ఆమె అభిమాని; ఆమె పేరిట నడుపుతున్న పుటకు అనుచరులను పెంచుకోవాలనుకున్నాడు. వారి కథనం ప్రకారం ఆ సంఖ్య రెండు వారాలలో 90 వేలనుంచి లక్షా ఎనిమిది వేలకు పెరిగింది.

ఈ ఉదంతంలో అందరూ పైపొరను గూర్చి మాట్లాడారు. నటికి జరిగిన అవమానం ఘోరమే. దేశమంతా ఆమె పక్షాన నిలవడం ఉచితమే. కాని క్రిందిపొర కూడా ఒక మనిషి. ఆ యువతి శరీరాన్ని ఆమె అనుమతి లేకుండా తీసుకొని, ముఖాన్ని మాత్రం చెరిపివేశారు. తానును తాను కాకుండా చేయడం ఒకరికి, తాను కానిదానిని తానని చెప్పడం మరొకరికి. ఒక్క దొంగబొమ్మకు ఇద్దరు బాధితులు ఉంటారన్నది బొమ్మమీద బొమ్మ పరచి చూచినవానికే చప్పున తోస్తుంది.

నటికి అభిమానులున్నారు, పత్రికలున్నాయి, ఢిల్లీ పోలీసులున్నారు. ఎవరూ ఎరుగని ఒక డిగ్రీ విద్యార్థి ముఖానికి ఈ గతి పడితే? ఈ ప్రశ్నకు అమలాపురంలో ఒక ప్రత్యేకమైన బరువు ఉన్నది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లా పేరుకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చే ప్రతిపాదనపై ప్రభుత్వం మే 18న ప్రాథమిక ప్రకటన వెలువరించింది. మే 24న దానిపై జరిగిన ఆందోళన హింసగా మారింది. ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుని ఇల్లు తగులబడ్డాయి, బస్సులు కాలిపోయాయి. జిల్లాలో కొన్ని రోజులపాటు ఇంటర్నెట్ నిలిపివేశారు. ఆనాటి ఉద్రిక్తతకు దొంగబొమ్మలు కారణమని చెప్పడానికి వీలు లేదు. దాని కారణాలు వేరు, అవి సమాజపు లోపొరలలో ఉన్నవి. ఇక్కడ గమనించవలసినది తరువాతి ఘట్టం. సీసీ కెమెరాలలోని దృశ్యాలు, ఫోనులలో తిరిగిన వీడియోలు, వాట్సాప్ సందేశాలు ఆధారంగా నిందితులను గుర్తిస్తున్నామని పోలీసులు ప్రకటించారు. పట్టుబడినవారిలో పడుచువారు అనేకులు.

అంటే ఆ వారాలలో అమలాపురం పడుచువాని భవిష్యత్తు ఒక బొమ్మలో తన ముఖం ఉన్నదా లేదా అన్నదానిపై ఆధారపడి ఉండెను. బొమ్మ నిజమైనంతకాలం అది న్యాయమే. ఇట్టి మరొక సందర్భంలో, వైరమున్నవాడొకడు గుంపులోని ఒక మొండెంపై పొరుగువాని ముఖం అతికితే నిర్దోషి చెరసాలకు పోతాడు. దీనికి ఎదురు ప్రమాదం మరొకటి ఉన్నది, దానిని అంతగా ఎవరూ తలపోయరు. దొంగబొమ్మలు ఉంటాయని లోకానికి తెలిసినకొద్దీ, నిజంగా నిప్పుపెట్టినవాడు కూడా ఆ ముఖం అతికించినదేనని బొంకవచ్చును. మొదటిదానిలో అబద్ధం నిజంగా చెల్లుతుంది. రెండవదానిలో నిజం చెల్లకుండా పోతుంది. ఇల్లు కాలినవానికి ఈ రెండవదానివల్ల కలిగే అన్యాయం తక్కువది కాదు.

చట్టం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ విభాగం ప్రకారం, ఎలెక్ట్రానిక్ రూపంలోని సాక్ష్యంతోపాటు దాని హ్యాష్ విలువను తెలిపే ధ్రువపత్రం జతపరచాలి. ఆ ఫైలులోని అంకెలన్నింటినీ ఒక గణితసూత్రంలో వేసి పిండితే వచ్చే ముద్ర అది. బొమ్మలో ఒక్క చుక్క 150 నుంచి 151 అయినా ఆ ముద్ర ఆసాంతం మారిపోతుంది. చక్కని ఏర్పాటే. కాని ఫైలు పోలీసుల చేతికి వచ్చిన తరువాత మారలేదని మాత్రమే అది చెబుతుంది. రాకముందు ఏమి జరిగినదో చెప్పలేదు. లక్క ముద్ర వేసిన కవరు లోపలి ఉత్తరం నిజమో కాదో లక్క చెప్పగలదా? 2025 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ముసాయిదా నియమాలు ప్రకటిస్తూ, యంత్రకల్పితమైన బొమ్మలపై కనీసం పదోవంతు స్థలంలో ఆ సంగతి తెలిపే గుర్తు ఉండాలని ప్రతిపాదించింది. ఉద్దేశం మంచిదే. అయితే ఆ గుర్తు కూడా బొమ్మమీద పరచిన మరొక పొర. పొర వేయడం తెలిసినవానికి తీయడం తెలియదా? అంచు కత్తిరిస్తే పోయేదానిపై భారమంతా మోపలేరు.

కనుక భారం కొంత చూచేవాని మీదనే పడుతుంది. తర్కశాస్త్రం చదివినవారు ప్రత్యక్షానికీ శబ్దానికీ వేర్వేరు ప్రమాణాలు చెబుతారు. కంటితో చూచినది ప్రత్యక్షం. దానికి వేరే సాక్షి అక్కరలేదు. ఇతరులు చెప్పగా విన్నది శబ్దం. చెప్పినవాడు నమ్మదగినవాడైతేనే అది ప్రమాణం. ఫోటో పుట్టినది మొదలు లోకం దానిని ప్రత్యక్షం క్రింద జమకట్టింది. ఫోటో ఎప్పుడూ ప్రత్యక్షం కాదు. ఎవరో తీసి, ఎవరో ఏరి, ఎవరో పంపిన వాక్యం అది. ఈ మాట గుర్తుపెట్టుకొన్న పిల్లవాడు బొమ్మ రాగానే నిజమా అని అడగడు. ఎవరు చెప్పారు, మొదట ఎక్కడ చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని అడుగుతాడు. లిఫ్టు దృశ్యం గుట్టు బయటపడినది ఈ ప్రశ్నలవల్లనే. అక్టోబరు 9 అన్న తేదీ దానిని పట్టి ఇచ్చింది.

ఈ ప్రశ్నలను ఉపన్యాసంగా చెబితే తలకెక్కవు. చేయిస్తే ఎక్కుతాయి. 2022 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వం ఎనిమిదవ తరగతి విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచింది. వాటి మంచిచెడ్డల చర్చ వేరు. కంప్యూటరు ఉన్న బడిలో ఒక్క పీరియడు చాలు. ఒక బల్ల పిల్లలు పెయింట్‌లో అంతర్వేది సముద్రతీరంమీద గడియార స్తంభాన్ని తెచ్చి నిలబెట్టాలి. చుట్టూ తెల్లని అంచు మిగలకుండా కత్తిరించడమే వారికి పావుగంట పడుతుంది. స్తంభం నీడ కుడివైపుకు, తీరంమీది మనుషుల నీడలు ఎడమవైపుకు పడినట్లు వారు గమనించి ఉండరు. స్తంభం ఉదయం తీసిన ఫోటోలోది, తీరం సాయంత్రం తీసినదానిలోది. పాదాలవద్ద ఇసుక కుంగి ఉండదు. ఒక ఫోటోలో రేణువు సన్నం, మరొకదానిలో ముతక. ఆ బొమ్మను ఒక్క పొరగా నొక్కి ప్రక్క బల్లకు పంపి, అతుకు ఎక్కడ ఉన్నదో వ్రాసి ఇమ్మనాలి. తరువాత బల్లలు మార్చాలి. రెండవ దఫా వచ్చే బొమ్మలలో నీడలు సరిగా ఉంటాయి, పట్టుకోవడం కష్టమౌతుంది. అప్పుడు పిల్లలు బొమ్మను విడిచి, ఆ తీరం ఫోటో ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు అని ఒకరినొకరు అడగడం మొదలుపెడతారు.